మా అత్తగారికి వేణువు

మిరప పండించే ఇంట్లోకి కారప్పొడి ప్యాకెట్ రావడం మా వినుకొండ వైపు ఎవరూ విని ఉండరు. మా ఇంటికి వచ్చింది. తెచ్చింది కూడా మిరప రైతే, మావారు. ఇంటి వాడకానికని ఎత్తిపెట్టిన మంచి కాయలు గోతంలో ఉండగానే కిరాణా కొట్టుకు వెళ్ళి కొనుక్కొచ్చారు.

"ఇదేంటండీ?" అన్నాను.

"ఊరికే, ఎలా ఉంటుందో చూద్దామని," అన్నారు, నా మొహం చూడకుండా.

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. మా ఇంట్లో చెట్టు కాదు, ఏకంగా చేనే పనికిరాకుండా పోయింది.

అంతా టీవీలో వచ్చే ప్రకటన మహిమ. ఒక పెద్దావిడ పట్టుచీర కట్టుకుని, కూరలో కారం చల్లుతుంది, అక్షింతలు వేసినట్టు. ఒక్క తుమ్ము రాదు. వెనక సన్నగా వేణువు. దాని మీద ఎవరిదో ఆడగొంతు, మాటల్లేకుండా, జోకొడుతున్నట్టు చిన్న రాగం తీస్తుంది. ఎక్కడో ఆఫీసులో కొడుకు ముద్ద నోట్లో పెట్టుకోగానే వేణువు పైకి లేస్తుంది, వాడి కళ్ళు చెమరుస్తాయి. వాడితోపాటు మావారివీ. మిరప ధర పడిపోయిన ఏడు కూడా కంటతడి పెట్టని మనిషి, ఆ రాగం వినగానే కంచంలో చెయ్యి ఆపేసి, "మా అమ్మ గుర్తొస్తోందే," అనేవారు.

ఒకసారి రిమోట్ తీసుకుని శబ్దం ఆపేశాను. రాగం లేకుండా చూస్తే ఆవిడ గిన్నె కింద మంటే లేదు.

"ఏమండీ, ఇప్పుడు గుర్తొస్తోందా అమ్మ?" అని అడిగాను.

"సౌండ్ పెట్టవే," అన్నారు.

రాగం కట్టినవాడు గట్టివాడే, కాదనను. నేనూ ఒకసారి గరిట పట్టుకుని ఆ రాగం అయ్యేదాకా నిలబడిపోయాను. నా కోపమంతా అందుకే.

ఎందుకంటే మా అత్తగారు నాకు తెలుసు. ముందు ఎవరి పసుపో ఆడించాడని మిల్లువాణ్ణి ఏడు తరాలు తిట్టి, మర తుడిపించి, ముక్కుకు కొంగు చుట్టుకుని దగ్గరుండి కారం పట్టించేది. ఆవిడ కూనిరాగం తీయగా నేను వినలేదు. ఈ గట్టున అరిస్తే ఆ గట్టున కూలీలు నడుం వంచే గొంతు అది. కూర కారంగా ఉందని ఎవరన్నా ఒకటే మాట: "తింటే తిను, లేకపోతే లే!" ఆ మాట నేను పడ్డన్నిసార్లు ఇంకెవరూ పడి ఉండరు. బతికున్నన్నాళ్ళూ మా ఇద్దరికీ మాటకు మాట. అయినా ఆ మనిషిని పక్కకు నెట్టి ఆ పీట మీద టీవీ ఆవిడను కూర్చోబెడుతుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అత్తగారి సంవత్సరీకం వచ్చింది. మావారు స్టూడియో వాడితో ఆవిడ ఫొటోలన్నీ కలిపి వీడియో చేయించారు. వెనక ఏ పాట పెట్టించారో చెప్పాలా? అదే వేణువు. పెదకాకాని నుంచి వచ్చిన ఆడపడుచు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

"అమ్మ ఎంత మెత్తని మనిషో వదినా!" అంది.

తల్లి ఉండగా పుట్టింటికి వస్తే, తిట్లు పడలేక మర్నాడే బస్సెక్కిన పిల్ల తను. నేను వంటింట్లోకి వెళ్ళాను. గోతంలో కాయలు ఆ వారమే ఎండబెట్టి, తొడిమలు తీసి, మిల్లువాడితో పోట్లాడి మరీ పట్టించి ఉంచాను. గుత్తివంకాయ కూరలో ఆ కారమే, అత్తగారు వేసేటంత వేశాను.

మొదటి ముద్దకే బంతిలో మాటలు ఆగాయి. రెండో ముద్దకు అందరూ ముక్కులు ఎగబీల్చడం మొదలుపెట్టారు. మావారు గ్లాసుడు నీళ్ళు తాగేసి, "ఏం కారమే ఇది, ప్రాణాలు తీయడానికా!" అని అరిచారు.

"తింటే తిను, లేకపోతే లే!"

అన్నది నేనే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన్ని 'అండీ' లేకుండా ఒక్క మాట అనలేదు. నా గొంతుకు నేనే ఉలిక్కిపడ్డాను. ఆడపడుచు గబుక్కున తలెత్తి గుమ్మం వైపు చూసింది, తల్లి వచ్చిందేమో అన్నట్టు. మావారి కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు కారుతున్నాయి. టీవీ ఆపేసే ఉంది.

ఆయన ముంజేత్తో ముక్కు తుడుచుకుని, విస్తరి ముందుకు జరిపారు.

"ఇంకో వంకాయ వెయ్యి," అన్నారు.

వేశాను. బంతిలో ఒక్కరూ లేవలేదు.