బొగ్గు బస్సుకు కర్పూర హారతి

యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క మా బస్సుకు వెనకాల బొగ్గు పొయ్యి కట్టినారు. కట్టెబొగ్గు రాజేసి, అందులోంచి వచ్చే గ్యాసుతో ఇంజను నడిపేవాళ్లు. తిరుపతి నుంచి పీలేరుకు పోయే ఆ బస్సుకు నేను కండక్టరు, నా తమ్ముడు క్లీనరు. పొయ్యి చూసుకోవడం వాని పని. పెండ్లయి ఏడాది కూడా కాలేదు వానికి.

భాకరాపేట కనుమ ఎక్కే ముందు బస్సు ఆపి కర్పూరం వెలిగించేది అలవాటు. పొయ్యి కట్టినాక డ్రైవరు ముందు ఇంజనుకు, తర్వాత వెనక్కి వచ్చి పొయ్యికి కూడా హారతి తిప్పేవాడు. లాగేది అదే కదా అని.

ఆ శనివారం చంద్రగిరి దాటినప్పటి నుంచే బస్సు ఆయాసపడతా ఉంది.

"ఇంతసేపు మనం దాని మీద, కనుమలో అది మన భుజాల మీద!" అని ఒక ముసలాయన అంటే బస్సంతా నవ్వింది.

కనుమ కింద ఆగీ ఆగకముందే డ్రైవరు కేకేసినాడు: "రేయ్ అబ్బా, పొడి డబ్బా నిండిపోయిండాది. బిరీన ఖాళీ చెయ్యి!"

గ్యాసు ఇంజనులోకి పోయే దారిలో బొగ్గుపొడిని పట్టే డబ్బా అది. చల్లారినాక తెరవాల. ఆ ఓపిక ఎవరికుంది? తమ్ముడు మూత తీసినాడు. పొడి నల్లగా లేచింది. సరిగ్గా అప్పుడే డ్రైవరు హారతి పళ్లెంతో వెనక్కి వచ్చినాడు. బుస్సుమని ఒక్క మంట. పళ్లెం పట్టిన చేతికి బొబ్బ కూడా రాలేదు. డబ్బా మీదికి వంగిన నా తమ్మునికి రెండు కండ్లూ పోయినాయి.

"శనివారం ఎండుచాపలు తిన్నాను స్వామీ, తప్పయిపోయింది!" అని ఆ మంటలోనే అరిచినాడు వాడు. ఇంకేం, అందరికీ కారణం దొరికిపోయింది. "నీ కొడుకు నోటిరుచికి నా బస్సు కాలిపోయేది గదప్పా!" అన్నాడు బస్సు యజమాని, మా నాయనతో. చల్లారకముందే మూత తీయించినవాణ్ని మాత్రం ఒక్కడూ అడగలేదు.

నేను పుస్తకాలను అడిగినాను. బడి చదువు లేదు నాకు. చిత్తూరు రీడింగు రూములో నిఘంటువు పక్కన పెట్టుకొని ఒక్కొక్క మాటే కూడబలుక్కున్నాను. బొగ్గుపొడిని కుప్ప పోసి అగ్గిపుల్ల పెడితే, ఓ మూల ఎర్రబడి ఊరుకుంటుంది. అదే పొడి పైకి లేస్తే రేణువు రేణువుకూ గాలి అంది, ఒక్కసారిగా అంటుకుంటుంది. ఆ గాలిలో బొగ్గు గ్యాసు కూడా కలిసిందంటే పిసరంత మంట చాలు. మూత ఉన్నంతసేపు డబ్బాలో గ్యాసు ఉంది, పొడి ఉంది, మండించే గాలి లేదు. మూత తీసి గాలిని పిలిచినారు, కర్పూరాన్ని ఎదురు తెచ్చినారు. ఇందులో చేపకు చోటు యాడుంది?

ఇదంతా తమ్మునికి విడమరిచి చెప్పినాను. నిమ్మళంగా విన్నాడు.

"నిజమేలే అన్నా. మరి పక్కనే ఉన్న డ్రైవరుకు ఎందుకు తగల్లేదు?"

"గాలి నీ దిక్కుకు కొట్టింది రా."

"కొట్టించింది ఎవురు?"



తల నెరిసినా వాడు ఇంట్లో చేప వండనియ్యలేదు. చివరి రోజుల్లో నోటికి ఏదీ సయించక పడుకొని ఉంటే, మరదలు అడిగింది: "ఎండుచాపల పులుసు చేసేదా? ఒక్క ముద్ద తింటావా?"

"ఈ పొద్దు ఏం వారం?"

"బేస్తవారం."

వేళ్లు మడిచి లెక్కేసినాడు.

"వద్దులే. ఎల్లుండి శనివారం వస్తాది," అన్నాడు.