కరెంటుకే షాకిచ్చిన దేవిదాస్

కోటగిరి దేవిదాసును ముట్టుకుంటే కరెంటుకే షాక్ కొడుతది. ఆయన ఎదురొస్తే లైన్లు పక్కకు జరిగి తొవ్వ ఇస్తయి. ఆయనకు కోపమొస్తే బోధన్ దాకా బల్బులు మిణుకుమిణుకుమంటయి. నిజామాబాద్ పసుపు యార్డుల హమాలీలు గూడ చాయ్ తాగుకుంట ఈ ముచ్చట చెప్పుకుంటరు. మీరు నమ్మకున్నా ఏం కాదు, కరెంటు నమ్మింది, అది చాలు.

షాక్ అనేది ఆ దిక్కు ఉప్పు లెక్క, అన్నిట్ల పడుతది. బిల్లు చూస్తే షాక్. పదిసార్లు తప్పిన పక్కింటోడు పాసైతే షాక్. తడి చేతులతోని ఫ్రిజ్జు తీస్తే షాక్. దేవిదాసుకు మాత్రం అసలు షాక్ బోధన్ చెక్కెర ఫ్యాక్టరీ మూతబడ్డనాడు తగిలింది. అండ్ల మోటర్ల కాడ పనిచేసిన మనిషి. గేటుకు తాళం పడ్డ సంది ఒక్కకాడ కూసోడు. అన్నం తినేటప్పుడు గూడ కాలు ఊపుతనే ఉంటడు. ఎవల ట్రాన్స్‌ఫార్మర్ ఫీజు పోయినా ఫోన్ ఆయనకే. లైన్‌మన్ వచ్చేదాక ఆగితే మడి ఎండుతదని వాళ్ల తొందర. ఫోన్ మోగకపోతే పిచ్చి లేస్తదని ఈయన తొందర.

భార్య రాధాబాయికి ఈ తొందర సయించది. కిందటేడు ఫీజు వేసుకుంట కిందవడి చెయ్యి విరగ్గొట్టుకున్నంక ఆమె ఒక్కటే మాట చెప్పింది.

"ఇంకోపారి ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎక్కినవనుకో, బిడ్డను తోల్కొని ధర్మాబాద్ మా అవ్వగారింటికి పోత. మళ్ల రాను."

రాధాబాయి చెప్పిందంటే చేసినట్టే. దేవిదాస్ గప్పటి సంది దిమ్మె ఎక్కలే. కని ఇంట్ల కూసోని ఫ్యాన్ రెగ్యులేటర్ విప్పుడు, పెట్టుడు, విప్పుడు, పెట్టుడు. చూసేటోళ్లకు తల తిరుగుతుండె.

ఒకనాడు పొద్దుగాల బాపురావు ఫోన్ చేసిండు. ఊరి అవతల చెరుకు పెట్టే పెద్దమనిషి.

"దేవ్యా, ఫీజు పోయిందిర. చెరుకు వాడిపోతున్నది."

"కాకా, ఇంట్ల తెలిస్తే నా బతుకు ఆగమైతది."

"ఎవలు చెప్తరు? నా నోట్లకెళ్లి మాట బయటికొస్తదార ఎప్పుడన్న?"

ఊర్ల మైకు చెడిపోతే బాపురావును కూసోబెడితే చాలు, ఆ సంగతి దేవిదాసుకు తెలుసు. కని కాళ్లు అప్పటికే చెప్పులల్ల ఉన్నయి.

"యాడికి?" అన్నది రాధాబాయి.

"బండి షాకులు పోయినయి గద. బోధన్ పోయి ఏపిచ్చుకొస్త."

"పెండ్లయినప్పటి సంది పోయే ఉన్నయి. ఇయ్యాల్నే యాదికొచ్చినయా?"

ఆయన అప్పటికే బండి ఎక్కిండు.

ఆ దిక్కు రైతులకు ఒక రివాజు ఉన్నది. ట్రాన్స్‌ఫార్మర్ ఒకకాడ ఉంటే, దానికి కరెంటు ఆపే ఏబీ స్విచ్ గట్టు కొసకు ఇంకోకాడ ఉంటది. మనిషెత్తు చెరుకుల ఈ కొసనోడు ఆ కొసనోనికి కనవడడు. అందుకని స్విచ్ కిందికి గుంజి, దాని పిడికి భుజం మీది తువ్వాల కట్టి పోతరు. తువ్వాల ఉన్నదంటే లోపల మనిషి ఉన్నట్టు. పగోడైనా దాన్ని ముట్టడు.

తిప్పలేందంటే, దేవిదాస్ తువ్వాలలు మర్చిపోవుట్ల మొనగాడు. చాయ్ హోటల్ల ఒకటి, బస్సుల ఒకటి, మంగలి దుకాణంల ఒకటి. పని చేసి, స్విచ్ గూడ ఎక్కియ్యకుండ ఇంటికి పోయిన రోజులున్నయి. ఆనాడు కొంతసేపటికి బాపురావు గట్టు మీదికి వచ్చి చూస్తే పిడికి దేవిదాస్ తువ్వాల వేలాడుతున్నది. "దేవ్యా" అని ఒక కేక ఏసిండు. జవాబు లేదు.

"మళ్ల మర్చిపోయిండు పోరడు," అనుకున్నడు. తువ్వాల ఇప్పి తన భుజం మీద ఏసుకున్నడు. స్విచ్ ఎక్కిచ్చిండు.

ఠప్పుమన్నది. చెరుకు మీది పిట్టలన్నీ ఒక్కతీరుగ లేసినయి.

బాపురావు ఉరికి చూస్తే దిమ్మె మీద సగం బిగిచ్చిన ఫీజు వైరు కాలి పొగలొస్తున్నది. కటింగ్ ప్లేయర్ కింద పడి ఉన్నది. మనిషి లేడు. "బూడిద గూడ మిగల్లేదు గదర" అని నెత్తి కొట్టుకుంట, ఆ చేత్తోనే ఫోన్ తీసి ఊరంతటికి చెప్పిండు.

దేవిదాస్ చెరుకు సాళ్లల్ల నిలబడి ఉన్నడు. కాక భుజం మీద తన తువ్వాల కనవడ్డది. ఏం జరిగిందో సమజైంది. ఎన్నడూ ఆగని కాలు ఆగింది, మిగిలిన ఒళ్లంత ఊగవట్టింది. చానసేపటికి బయటికొచ్చిండు. ఆయనను చూసి బాపురావు మట్టిల కూలవడ్డడు.

ఇంటికొచ్చేసరికి వాకిట్ల మంది. కబురు ఇని రాధాబాయి సోయి తప్పి పడ్డదట. ఊరి ఆరెంపీ డాక్టర్ మార్కండేయ నాడి చూస్తున్నడు. "షాక్ తిన్నది, గంతే. గాలాడనియ్యుండ్రి," అన్నడు. దేవిదాసును చూసి అందరు రెండడుగులు ఎనుకకు జరిగిండ్రు. పక్కింటి ముత్తవ్వ ధైర్యం చేసి ఒక్క ఏలుతోని ముట్టి చూసింది. "ఏం కొడుతలేదు," అన్నది.

ఎనుకనే వచ్చిన బాపురావు అందుకున్నడు. స్విచ్ ఎవలు ఎక్కిచ్చిండ్రని ఎవలన్న అడుగకముందే కత మొదలువెట్టాలె గద.

"నా కండ్లతోని చూసిన. కరెంటు నెత్తిల పోయి కాళ్లల్లకెళ్లి దిగింది. మంటలల్లకెళ్లి నడుసుకుంట వచ్చిండు. రాధా, ఇగ నీకు బుగులు లేదు బిడ్డా. కరెంటు ఈయనను ఏం చెయ్యది. పనికి పోనియ్యి."

అంతల దేవిదాస్ జేబుల ఫోన్ మోగింది. ఇంకెవలదో ఫీజు. మంది దేవున్ని చూసినట్టు చూస్తున్నరు. ఫ్యాక్టరీ పోయినంక ఆయనను అట్ల ఎవలు చూడలే. తల ఊపితే చాలు, ఇగ జీవితమంత దిమ్మెలు ఎక్కుడే, అడ్డం చెప్పేటోళ్లు ఉండరు.

రాధాబాయి గోడకానుకొని లేసి కూసున్నది. మొఖంల నెత్తురు లేదు.

"నిజమేనా?" అన్నది. "కరెంటు పాసైనా నీకేం కాలేదా?"

దేవిదాస్ ఫోన్ బంద్ చేసి ఆమె పక్కన కింద కూసున్నడు.

"నాకు షాక్ కొట్టలే. అప్పుడు నేను దిమ్మె మీద లేను, ఒంటికి పోయిన. ఉండుంటే సచ్చిపోతుంటి."