మా వదిననడగండి

పక్క డాబా మీద సాయంత్రం పూట ఒక పిల్ల ఫోనుతో మాట్లాడుతోంది. ఫోనులో ఎవరితోనో కాదు, ఫోనుతోనే. ఏదో కంపెనీకి తన గురించి తాను చెప్పుకుంటూ చిన్న వీడియో పంపాలట. నేను తొందరగా నేర్చుకుంటాను, నేను నలుగురితో కలిసి పనిచేయగలను అని తడబడకుండా చెబుతోంది, నచ్చకపోతే చెరిపేసి మళ్లీ మొదలుపెడుతోంది. విజయనగరంలో ఈ రెండు గదుల వాటాలోకి వచ్చాక సాయంత్రాలు నాకు వినబడే మనిషి గొంతు అదొక్కటే కాబట్టి ఆ 'నేను'లన్నీ కూర్చుని విన్నాను. మొదట నవ్వొచ్చింది, తర్వాత నా పాత క్లాసు గుర్తొచ్చింది.

సొంత డబ్బా కొట్టుకునేవాళ్లను మన ఇళ్లలో ఎలా చూసేవారో నా ఈడువాళ్లకు చెప్పనక్కర్లేదు. గజపతినగరంలో డిగ్రీ పిల్లలకు కామర్స్ చెప్పే రోజుల్లో, ఉద్యోగాలకు తయారుచేసే క్లాసు ఒకటి పెట్టమని పైనుంచి ఉత్తరువు వస్తే, పెళ్లీ పిల్లలూ లేని మనిషి, సాయంత్రాలు ఖాళీయే కదా అని తోటి లెక్చరర్లంతా కలిసి దాన్ని నా నెత్తిన పెట్టారు. పని నేర్పడం కష్టం కాలేదు. కంప్యూటర్లో బిల్లు కొట్టడం, లెక్క సరిచూడడం, కోపంగా వచ్చిన ఖాతాదారుకు శాంతంగా జవాబివ్వడం, అన్నీ నా ఎదుట చేసి చూపించేవారు. ఆ కోపిష్ఠి ఖాతాదారు వేషం నాదే, దానికి మేడమ్ నటించనక్కర్లేదని వెనక అనుకునేవారట. తీరా వచ్చిన పనిని వచ్చునని చెప్పమంటే ఒక్కరికీ నోరు పెగిలేది కాదు. నిండుకుండ తొణకదని ఇంట్లో చెప్పి పంపేవారు, తొణక్కపోతే అందులో నీళ్లున్నాయని కంపెనీవాడికెలా తెలుస్తుందర్రా అని నేను మొత్తుకునేదాన్ని.

బొబ్బిలి వైపు పల్లె నుంచి వదినా మరదళ్లిద్దరు ఒకే బస్సులో వచ్చి ఒకే బెంచీ మీద కూర్చునేవారు. మరదలి తండ్రి సాలూరు లారీల మీద డ్రైవరుగా పనిచేసి, నడుం దెబ్బతిని మంచాన పడ్డాడు. ఈ ఏడు ఉద్యోగం దొరక్కపోతే తల్లి వెంట హైదరాబాదుకు ఇళ్లు కట్టే కూలిపనికి వలసపోవడమేనని ఆ పిల్ల నాతో చెప్పుకుని ఏడ్చింది. అంతలో ట్రాక్టర్ల షోరూమువాళ్లు బిల్లులు రాసే పనికి ఒకరిని ఎంచుకోవడానికి కాలేజీకి వచ్చారు. పనిలో ఈ పిల్లకు సాటి లేదు, తనకే వస్తుందని ధీమాగా ఉన్నాను. నీకేం వచ్చమ్మా అని వాళ్లడిగారు. తల వంచుకుని, "నాకేటొచ్చండి, మా వదిననడగండి, నాకన్నా బాగా సేస్తాది" అంది. గుమ్మం దగ్గర నిలబడ్డ నేను నెత్తి కొట్టుకున్నాను. వాళ్లు నిజంగానే వదినను అడిగారు, వదిననే తీసుకున్నారు. బుర్ర ఉందా నీకు అని గట్టిగా కేకలేస్తే, "మా వదినకొస్తే నాకొచ్చినట్టే కదేటి మేడమ్" అంది. మర్నాటి నుంచి ఆ బెంచీ మీద ఒక్కతే కూర్చుంది.

ఆ వేసవంతా నేను అద్దెకుండే గదిలో మేమిద్దరమే. అద్దం ముందు నిలబెట్టి, అడగందే అమ్మైనా పెట్టదే అని కసిరినా, బతిమాలినా, నాకొచ్చు అన్న మాట ఆ నోట రాలేదు. చివరికి విసుగెత్తి, నీ గురించి వద్దులే, మీ వదిన గురించి చెప్పు అన్నాను. ధారాళంగా చెప్పింది. ఇప్పుడు మా వదిన అన్నచోటల్లా నేను అని పెట్టి చెప్పు అన్నాను. అలా ఒక్కొక్క మాటా కూడబలుక్కుంది. మధ్యాహ్నాలు తను తెచ్చిన చోడంబలి, అదే రాగిజావ, చెరో గ్లాసు తాగేవాళ్లం. నా ఇంట్లో రెండో గ్లాసు రోజూ వాడిన వేసవి అదొక్కటే.

వానలు పడ్డాక విజయనగరంలో మోటారు పంపులు అమ్మేవాళ్లు పిలిచారు. నేను బయట వరండాలో కూర్చున్నాను. "నాకొచ్చు సార్, కూర్సోబెట్టి సూడండి" అన్న మాట తలుపు దాటి వినిపించింది. కూర్చోబెట్టి చూశారు, తీసుకున్నారు. ఇక తల్లీ వలసపోలేదు, కూతురూ పోలేదు. ఆ పిల్ల సంతోషంగా ఇంటికి పరుగెత్తింది. నేను గదికి వచ్చి ఈ సంగతి ఎవరికి చెప్పను అని చూసుకుంటే ఎవరూ లేరు. రెండో గ్లాసు కడిగి పైన పెట్టేశాను.

ఇప్పుడు ఆ పిల్ల విశాఖలో పెద్ద ఉద్యోగంలో ఉంది. ఎప్పుడైనా ఫోను చేస్తే నేనిది చేశాను, నేనది సాధించాను అని గుక్కతిప్పుకోకుండా చెబుతుంది. వినడానికి ఎంతో గర్వంగా ఉంటుంది. మీరెలా ఉన్నారు అని అడిగేలోగా ఏదో పని వస్తుంది, పెట్టేస్తుంది. నేర్పినదాన్ని నేనే, ఎవరిని తప్పుపట్టను? నేటి పిల్లలకు ఆ విద్య నేర్పనే అక్కర్లేదు, అదీ మంచిదే. కాని తన నోటి ముందరి ముద్దను పక్కవాళ్లకు చూపించే ఆ వెర్రిబాగుల మంచితనం మళ్లీ నా కంటపడలేదు.

పక్క పిల్ల లోపలికి వెళ్లాక, నేనూ ఒకసారి ఫోను ఎదురుగా పెట్టుకుని నా గురించి చెప్పబోయాను. ఒక్క మాటా రాలేదు. నాకేటొచ్చు, మా వదిననడగండి అందామంటే, బెంచీ మీద నా పక్కన ఎవరూ లేరు.