కప్పు మీద పేరుకు ధర

చాలా ఊళ్లు తిరిగాను. ధర చెప్పేటప్పుడు అమ్మేవాళ్ల చూపు ఎటు పోతుందో గమనించడం నాకో పిచ్చి. చేపలవాళ్లు చేపకేసి చూస్తారు. పాత పుస్తకాలవాళ్లు ఆకాశంలోకి చూస్తారు, ధర అక్కడెక్కడో రాసిపెట్టి ఉన్నట్టు. మా వీధిలో కప్పుల మీద పేర్లూ ఫొటోలూ అచ్చువేసే కోడలు నేలచూపులు చూసేది. దుకాణంలో కుర్చీ వేసుకుని కూర్చునేది అత్తగారు కాబట్టి వీధికంతటికీ ఆమె కోడలే. ధర చెప్పి, ఎదుటివాళ్లు నోరు తెరిచేలోపే "పోనీ, తగ్గించి ఇవ్వండి" అని తనే దిగిపోయేది.

ఎదురుగా పెద్ద దుకాణం వెలిశాక ఆ జబ్బు ముదిరింది. ఈమె ఉత్త కప్పు కొనే ధరకు అక్కడ 'ప్రియమైన నాన్నకు' అని అచ్చేసిన కప్పే వస్తుంది. లోకంలోని నాన్నలందరికీ ఒకటే కప్పు! అద్దె బాకీ పడింది. ఉంటారో, ఖాళీ చేస్తారో సాయంత్రానికి తేల్చమన్నాడు ఒకరోజు పొద్దున దుకాణం గది యజమాని.

ఆ మధ్యాహ్నం బస్సు డిపో సూపర్‌వైజరు అట్టపెట్టె చంకనపెట్టుకుని వచ్చాడు. రిటైరవుతున్న ఒక డ్రైవరుకూ, అతని తోటివాళ్లందరికీ ఎవరి పేరుతో వాళ్లకు కప్పులు కావాలి. మొన్న ఈమె చెప్పిన ధర, తగ్గించాక కూడా ఎక్కువే అనిపించి, ఎదురు దుకాణంలో తెల్ల కప్పులు కొనుక్కొచ్చాడు.

"కప్పులు నావి. పేర్లు నువ్వెయ్యమ్మా."

"వీటికి రంగు పట్టే పూత ఉండదండీ. అచ్చు నిలవదు."

"తెల్లగానే ఉన్నాయిగా, ఇంకేం పూత?"

ఈ బేరం పోతే గది పోయినట్టే. "ఒకటి వేసి చూపిస్తా" అంది కోడలు. డ్రైవరు పేరును అద్దంలోలా తిరగేసి కాగితం మీద తీసి, కప్పుకు చుట్టి, వేడితో అచ్చు దింపే హీట్ ప్రెస్‌లో బిగించింది. అది కాలేలోపు రెండుసార్లు వీధిలోకి వెళ్లొచ్చింది. పేరు కాస్త వెలిసినట్టుగా పడింది. సూపర్‌వైజరు మురిసిపోయాడు.

ఆ దుకాణంలో ఒక పద్ధతుంది. ఏ కప్పయినా అత్తగారు పీచుతో తోమాకే చేతికిస్తుంది. "ఇది వద్దులే అత్తయ్యా" అని కోడలు అంటూనే ఉంది, ఆవిడ అప్పటికే కుళాయి విప్పింది.

"అయ్యయ్యో పెద్దమ్మా! మావాడి పేరు పోయింది!"

"ఇక్కడే పోయింది, నయం. వాళ్లింట్లో పోతే మా కోడల్ని తిట్టేవాడివి."

సూపర్‌వైజరు తల గోక్కున్నాడు. "సరే, మీ కప్పుల మీదే వెయ్యి. ఎంతకిస్తావ్?"

కోడలు మొన్న మొదట చెప్పిన ధరే మళ్లీ చెప్పింది. 'పోనీ' అన్న మాట పెదాల దాకా వచ్చింది. అత్తగారు తడి పీచు ఎత్తి చూపించింది. మాట లోపలికి పోయింది.

"అంత ధరా! అయితే మిగతావాళ్లకు ఈ ఉత్త కప్పులే ఇచ్చేస్తా. డ్రైవరుకి ఒక్కటి వెయ్యి."

"ఒక్కటే అయితే ధర ఇంకా ఎక్కువండీ. ఒక్కటైనా, పదైనా కూర్చుని అచ్చు తయారుచేసేది నేనే కదా."

"మీ కోడలికేమైంది పెద్దమ్మా?"

"ఏమో నాయనా, పొద్దున బాగానే ఉంది."

అతనికి నవ్వొచ్చింది. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. అంత ఇస్తే ఉత్త పేరు చాలదు, డ్రైవరు నడిపిన బస్సు బొమ్మ కూడా కావాలన్నాడు. ముందు నుంచి గీస్తే, కాదు, పక్క నుంచి అన్నాడు. పక్క నుంచి గీస్తే, నంబరు కనిపించాలన్నాడు.

చీకటి పడేవేళకు యజమాని గుమ్మంలో నిలబడ్డాడు. ఒక్క కప్పుతో అద్దె తీరదని అందరికంటే కోడలికే బాగా తెలుసు.

"ఇంకో నెల ఉంటాం" అంది లేవకుండానే.

"దేన్ని చూసుకుని?"

ఆమె జవాబు చెప్పేలోపే సూపర్‌వైజరు అడ్డొచ్చాడు. "కిటికీలోంచి వాడి మోచెయ్యి బయటికి కనబడాలమ్మా."

"మూడో మార్పుకి డబ్బులు వేరేనండీ."

"తీసుకో. ఆ మోచెయ్యి లేకపోతే అది వాడి బస్సే కాదు."