ఫోర్‌మన్ నిద్ర

పెళ్ళిళ్ళలో, జాతరల్లో మిమిక్రీ చేస్తూ టీవీ కామెడీ షో దాకా వెళ్ళాను. అక్కడ నాకిచ్చిందల్లా చెంపదెబ్బలు తినే వేషాలే. అవీ ఆగిపోయాక ఖతార్‌లో తాపీ పనికి చేరాను.

ఒక శుక్రవారం మా కంపెనీ ఇండస్ట్రియల్ ఏరియాలో మేముండే లేబర్ క్యాంపులో వేడుక పెట్టింది.

"టీవీల చేసినవ్ గదనే, జర నవ్వియ్యరాదు!" అంటూ రూమ్మేట్ అంజయ్య నన్ను స్టేజీ ఎక్కించాడు.

పాత జోకులు మూడు వదిలాను. తెలుగువాళ్ళు పదిమంది నవ్వారు. నేపాల్, బంగ్లాదేశ్ వాళ్ళు వందమంది గుడ్లప్పగించి చూశారు.

ఇక మాటలు మానేసి, కుర్చీలో కూర్చుని గురక మొదలుపెట్టాను. పొద్దున బస్సులో అందరికంటే ముందు నిద్రపోయేది మా ఫోర్‌మనే. తల పక్కవాడి భుజం మీద వాల్చేస్తాడు. సైటు గేటు రాగానే ఉలిక్కిపడి లేచి, "యల్లా, నో స్లీప్!" అని, అంటే పదండి, నిద్రొద్దని మా మీద అరుస్తాడు. అచ్చం అలాగే అరిచాను. హాలు దద్దరిల్లింది.

అంతలో ముందు వరుసలోంచి ఫోర్‌మన్ లేచాడు. నవ్వులు ఆగిపోయాయి. నా ఉద్యోగం పోయినట్టే అనుకున్నాను. ఆయన నేరుగా స్టేజీ ఎక్కి, పక్క కుర్చీలో కూర్చుని, నా భుజం మీద తల వాల్చి గురక పెట్టాడు!

మర్నాడు బస్సు గేటు దగ్గరికి రాగానే, నిద్రలో ఉన్న ఫోర్‌మన్‌ను చూసి అందరం ఒక్క గొంతుతో అరిచాం: "యల్లా, నో స్లీప్!"

ఇన్నేళ్ళ నా కామెడీలో హిట్టయిన డైలాగు అదొక్కటే. అదీ నాది కాదు!