పైకెత్తిన రెండు చేతులు

బాన్సువాడలో మా వడ్లు తూచే రైస్‌మిల్లు కాంటా దగ్గర, ల్యాప్‌టాప్ ముందు కూర్చునే అతనికి ఒక అలవాటుండేది. తూకం మధ్యలో, బరువు చూపించే ఆ ల్యాప్‌టాప్ టక్కున ఆగిపోయి మళ్లీ మొదలైనప్పుడల్లా రెండు చేతులూ పైకెత్తి చూపేవాడు.

"నేను ముట్టలే అన్నా, దానంతట అదే బందైంది."

ట్రాక్టర్ల వరుసలో ఎండకు మాడిపోతున్న నేను ఒకరోజు అందరి ముందూ అరిచాను.

"చేతులు లేపితే దొంగవు గాకుంట పోతవా? తూకం మార్చనీకే బంద్ చేస్తున్నవ్!"

మిగతా రైతులూ నాతో గొంతు కలిపారు. మిల్లు సేటు ఆ రోజే అతన్ని పనిలోంచి తీసేశాడు.

కొత్తవాడు వచ్చాక కూడా ల్యాప్‌టాప్ అలాగే ఆగింది. మెకానిక్ విప్పి చూస్తే, లోపలి ఫ్యాన్‌కు తవుడు దుమ్ము గడ్డకట్టి ఉంది. గాలి ఆడక, వేడెక్కి ఆగిపోయేదట. దొంగ అని అరిచిన నేను, కాదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తున్నాను: అతను దొంగ కాదు.

మొన్న బీర్కూర్ వెళ్లే ఆటో ఎక్కాను. నడుపుతున్నది అతనే. క్షమించమని ఎలా అడగాలా అనుకుంటుండగా దారిలో ఇంజన్ ఆగిపోయింది. అలవాటుగా అతని రెండు చేతులూ పైకి లేచాయి. అద్దంలో నా ముఖం చూసి, మెల్లగా దించుకున్నాడు.