సూది వెయ్యని దూడ

గోమార్లంటే, అదే పశువుల్ని పట్టే పిడుదులంటే, నాకు చిన్నప్పట్నుంచీ కసి. మా అమ్మ గేదె చెవిలోంచి ఒక్కొక్కటే పీకి కిరసనాయిలు డబ్బాలో పడేస్తుంటే, నేను పుల్లతో వాటిని లోపలికి నొక్కేవాణ్ణి. అలాంటివాడికి వాటికి తిండి పెట్టి పెంచే ఉద్యోగం దొరికింది. చేసుకున్నవాడికి చేసుకున్నంత.

మా ల్యాబ్ పరవాడ దారిలో ఉంది. సగం రక్తం తాగిన గోమారిని మైక్రోస్కోప్ కింద పెట్టి, బ్లేడుతో వీపు విప్పి, ఉమ్మి తయారయ్యే గ్రంథులు బయటికి లాగడం నా పని. ఆ ఉమ్మిలోని ప్రోటీన్ల పనితనానికి దొంగలు కూడా దండం పెట్టాలి. ఒకటి రక్తం గడ్డకట్టనివ్వదు, ఒకటి నొప్పి తెలియనివ్వదు, ఇంకొకటి ఒంట్లోని కాపలాని నిద్రపుచ్చుతుంది. ఆ ప్రోటీన్లనే ముందుగా టీకాగా ఇస్తే పశువు ఒళ్లు వాటిని గుర్తుపట్టి ఎదురు తిరుగుతుందని మా ఆశ. అప్పుడు గోమారికి రక్తం సరిగ్గా అందదు. గుడ్లు పెట్టే ఓపిక కూడా లేకుండా రాలిపోతుంది.

అది తేల్చడానికి ఒక రైతు దగ్గర్నుంచి రెండు దూడల్ని తెచ్చి షెడ్డులో కట్టాం. ఎర్రదానికి టీకా వేశాం, నల్లదానికి వెయ్యలేదు. రెండింటి వీపు మీదా బొచ్చు గొరిగి, గుడ్డ సంచీ అంటించి, లోపల గోమార్లని లెక్కపెట్టి వదిలాం. నల్లదూడ పని ఒక్కటే, కరిపించుకోవడం. దాని మీద అవి ఎంత బలిస్తే మా టీకాకి అంత పేరు.

దూడల్ని చూసుకోవడానికి ఒకావిడ ఉండేది, మా అమ్మ ఈడుది. ఊళ్లో పశువుల్ని అమ్ముకుని పెందుర్తిలో కూతురి దగ్గరికి వచ్చేసింది. మావైపు పెద్దావిడల్ని పిలిచినట్టే అందరం అప్పా అనేవాళ్లం. సంచీ ముట్టుకోవద్దని చెప్పాను. ఎందుకో చెప్పలేదు, నాకంత ఓపిక ఎక్కడిది.

ఐదోరోజు నల్లదూడ సంచీ విప్పితే సగం గోమార్లు లేవు. వెతికితే దాణా బస్తా వెనక కొబ్బరిచిప్పలో ఫినాయిలు, అందులో నా గోమార్లు.

"ఏటప్పా ఇది?" అని అరిచాను.

"ఎర్రదానికి సూదేసినారు, అది బాగానే ఉంది. దీనికెయ్యడం మర్సిపోనారనుకున్నాను బాబూ. గోడకేసి రాసుకుంటంది. సూత్తూ ఊరుకోనేకపోనాను."

మా ల్యాబ్ పెద్ద సారు ఆమెని పనిలోంచి పంపించేసి మళ్లీ మొదట్నుంచీ చెయ్యమన్నారు. ఆమెని పంపొద్దని అడ్డుపడింది నేనే. జాలితో కాదు. దూడలకి రెండోపక్క గొరిగించి, కొత్త గోమార్ల సీసా ఆమె చేతికిచ్చాను.

"నీ సేత్తోనే ఎయ్యప్పా," అన్నాను.

వేసింది. తెలిసిన చెయ్యి కదా, నల్లదూడ కదలకుండా నిలబడి ఆమె మోచెయ్యి నాకుతూ ఉంది. ఏడుపులో ఆమెకి లెక్క తప్పింది. అన్నీ తీయించి మళ్లీ ఒకటి నుంచి లెక్కపెట్టించాను. అప్పుడు నాకు హాయిగానే ఉంది, అబద్ధమెందుకు. గోమారి నయం, కరిచే చోట నొప్పైనా తెలియనివ్వదు.

ఈసారి ఫలితం బ్రహ్మాండంగా వచ్చింది. ఎర్రదాని మీంచి గోమార్లు చిన్నగా, ఎండిపోయి రాలాయి. నల్లదాని మీద ఆముదం గింజలంత బలిశాయి. సారు నా భుజం తట్టారు. నల్లదూడ డొక్కలు తేలిపోయి దాణా ముట్టడం మానేసింది.

దూడల్ని తిరిగి రైతుకి పంపే రోజు, ట్రాలీ ఆటో ఎక్కించబోతుంటే ఆమె నా దగ్గరికొచ్చింది.

"దీనికి ఇప్పుడైనా సూదేత్తారా బాబూ? ఆ రైతోల పసువుల సాలనిండా గోమార్లేనట."

టీకా ఫ్రిజ్‌లో మిగిలే ఉంది. సారుని ఒక్క మాట అడిగితే కాదనేవారు కాదు. కానీ అడిగితే ఆమె నెగ్గినట్టవుతుందని నాకు మంట.

"రూలు ఒప్పుకోదప్పా," అన్నాను.

"రూలంటే ఇంకేటి సేత్తాం," అని నమ్మేసింది. భుజం మీది తువ్వాలు తీసి, దూడ వీపు మీద గొరిగినచోట కప్పింది.

అలాంటి రూలేం లేదు.